ఎంటర్ నొక్కితే ఏం కావాలి? ఎంట్రీ బాక్సుల గురించి అపోహలు - వాస్తవాలు

మిర్యాలగూడ రైసు మిల్లులకు, బాదేపల్లి మార్కెట్ యార్డులోని అడ్తి (కమీషన్ ఏజెంట్ల) దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిస్తుంటాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు స్క్రీన్ రంగుల మీద పెట్టే శ్రద్ధ, బాక్సులో ఏ కీ ఏం చేయాలన్న దాని మీద పెట్టరు. సీజన్‌లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ఆపరేటర్ తిట్టుకునేది మాత్రం దాని గురించే.

అపోహ: ఎంటర్ కొడితే తర్వాతి బాక్సుకు పోవాలి, ట్యాబ్ ఎవరూ వాడరు.

వాస్తవం: విండోస్ పద్ధతిలో ముందు బాక్సుకు ట్యాబ్, వెనక్కి షిఫ్ట్ ట్యాబ్. ఎంటర్ అంటే ఆ విండోలోని ముఖ్యమైన బటన్ నొక్కినట్టు. కానీ ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరిగినవాళ్లకు ముందుకు పోవడమంటే ఎంటరే. వాళ్లది మొండితనం అనుకోవద్దు. ఎడమ చేత్తో కాంటా చిట్టీ పట్టుకుని, కుడి చేత్తో నంబర్ ప్యాడ్ మీద బస్తాలు, తూకం, తరుగు కొట్టుకుంటూ పోయే మనిషికి అందేది అదొక్కటే. నంబర్ ప్యాడ్‌లో ఎంటర్ ఉంది, ట్యాబ్ లేదు! పద్ధతి పద్ధతే అని మనం భీష్మించుకుంటే, రైతు పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే సగం నిండిన తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చిట్టీ) సేవ్ అయి కూర్చుంటుంది.

అందుకని ఎంట్రీ స్క్రీన్లలో ఎంటర్‌తో ట్యాబ్ పని చేయించడం సబబే అంటాను. అయితే ట్యాబ్‌ను తీసేయకూడదు. కర్సర్ బటన్ మీదికి వచ్చాక ఎంటర్ ఆ బటన్‌నే నొక్కాలి. చిరునామా బాక్సులో కొత్త లైన్ ఇవ్వాలి. ఈ రెండూ మరిచి, ప్రతి ఎంటర్‌నూ ట్యాబ్ చేసేసిన సాఫ్ట్‌వేర్లు చాలా చూశాను.

అపోహ: అంకెలే పడాలంటే మిగతా కీలన్నీ ఆపేస్తే సరి.

వాస్తవం: మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్‌లో, కీ నొక్కినప్పుడల్లా నడిచే కీప్రెస్ దగ్గర అంకెలు కానివన్నీ ఆపి చూడండి. బ్యాక్‌స్పేస్ అక్కడికి 8వ నంబర్ అక్షరంగా వస్తుంది, కంట్రోల్ సి 3గా, కంట్రోల్ వి 22గా. అన్నీ కలిసి ఆగిపోతాయి, తప్పు కొట్టినవాడు బ్యాక్‌స్పేస్‌తో చెరుపుకోలేడు. ఇంత కట్టడి చేసినా మౌస్ కుడి బటన్‌తో పేస్ట్ చేస్తే అక్షరాలు దర్జాగా లోపలికి వచ్చేస్తాయి. షిఫ్ట్ ఇన్సర్ట్‌తోనూ అంతే. ఐబీఎం 1987లో తెచ్చిన పద్ధతిలోది ఆ కీ, విండోస్‌లో ఇప్పటికీ నడుస్తోంది. కీలకు కాపలా కాసే బదులు బాక్సులో పడిన విలువను సరిచూడండి.

అపోహ: కంట్రోల్ సి, కంట్రోల్ వి మైక్రోసాఫ్ట్ కనిపెట్టినవి.

వాస్తవం: కాదు. కట్, కాపీ, పేస్ట్‌లకు రూపం ఇచ్చింది జిరాక్స్ కంపెనీ పార్క్ పరిశోధనశాలలో పనిచేసిన ల్యారీ టెస్లర్, ఆయన సహచరులు. ఎక్స్, సి, వి అనే వరస యాపిల్ నుంచి వచ్చింది.

అపోహ: కొడుతుంటే అంకెలు మాయమైతే కీబోర్డు పోయినట్టే.

వాస్తవం: ముందు నమ్‌లాక్ చూడండి. అది ఆరిపోతే నంబర్ ప్యాడ్‌లో 7 హోమ్ అవుతుంది, 1 ఎండ్ అవుతుంది, చుక్క డిలీట్ అవుతుంది. నమ్‌లాక్ వెలిగే ఉంటే సంగతి వేరు. ట్యాబ్‌తో బాక్సులోకి వస్తే అందులో ఉన్నదంతా సెలెక్ట్ అయి ఉంటుంది, ఒక్క అంకె కొట్టగానే పాతది మొత్తం పోతుంది. చివరి అంకె ఒక్కటే దిద్దాలంటే ముందు ఎండ్ నొక్కాలి.

అపోహ: బ్యాక్‌స్పేస్, డిలీట్ రెండూ ఒకటే, దిక్కు మాత్రమే తేడా.

వాస్తవం: ఇంగ్లిషు అక్షరాలకైతే నిజమే. తెలుగులో పేరు కొట్టించేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. లక్ష్మి అని నోట్‌ప్యాడ్‌లో కొట్టండి. కంటికి రెండు అక్షరాలు, కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూనికోడ్ పద్ధతిలో ఏడు సంకేతాలు. చివర బ్యాక్‌స్పేస్ కొడితే గుడి ఒక్కటే పోయి లక్ష్మ మిగులుతుంది, ఇంకోసారి కొడితే లక్ష్ అని పొల్లు మిగులుతుంది. అదే కర్సర్‌ను ల పక్కన పెట్టి డిలీట్ కొడితే క్ష్మి మొత్తం ఒక్క దెబ్బకు పోతుంది. చూసినవాళ్లు బగ్ అంటారు గానీ, గుణింతం తప్పినప్పుడు హల్లును మళ్లీ కొట్టకుండా దిద్దుకోవడానికి బ్యాక్‌స్పేస్ అలా ఉండటమే మేలు. బాక్సు పొడవు 20 అని పెట్టే ముందు కూడా ఈ లెక్క గుర్తుంచుకోవాలి. లక్ష్మి ఒక్కటే ఏడు తింటుంది, ఇంటిపేరు, తండ్రి పేరు కలిస్తే పేరు ఏ వత్తు దగ్గరో తెగిపోతుంది. నేనైతే తెలుగు పేర్ల బాక్సుకు 100కు తగ్గించను.