పాట, బాట, మాట

అనంతపురంలో మా వీధి చివరింట్లో నాలుగో తరగతి పాప ఉంది. పుట్టుకతోనే వినపడదు. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. మొన్న "అన్న అంగడి నుంచి బెల్లం తెచ్చాడు" అని రాసిస్తే ఒక్క పొల్లు పోకుండా దించింది. ఎవరు తెచ్చారని సైగ చేస్తే నా మొహం చూసింది. "చూసి రాస్తాదన్నా, ఏం రాసిందో దానికే తెల్దు," అంది వాళ్ళమ్మ.

తెలివి తక్కువై కాదు. దీని వెనక నూట నలభై ఏళ్ళు దాటిన కథ ఉంది.

పారిస్‌లో లెపే అనే మతగురువు 18వ శతాబ్దంలోనే సైగలతో బడి నడిపాడు. 1880లో ఇటలీలోని మిలాన్‌లో కూడిన బధిర విద్య మహాసభ మాత్రం సైగలు వద్దంది. పెదవులు చూసి అర్థం చేసుకోవాలి, నోటితోనే పలకాలి అని తీర్మానించింది. ఓటేసిన వాళ్ళు దాదాపు అందరూ వినగలిగిన వాళ్ళే! ఆ తర్వాత ఎన్నో బడుల్లో చేతులు కదిపితే శిక్ష. మన దేశంలోనూ చాలా బడులు ఆ దారే పట్టాయి.

అద్దం ముందు నిలబడి గొంతు పెగలకుండా పాట, బాట, మాట అనండి. మూడింటికీ పెదవులు ఒకేలా కదులుతాయి. పసిబిడ్డ వాటిని చూసి తెలుగు నేర్చుకోవాలట.

సైగలకూ సొంత వ్యాకరణం ఉందని 1960లో అమెరికాలో విలియం స్టోకీ చూపించాడు. మిలాన్ తీర్మానాలను అదే మహాసభ తోసిపుచ్చింది, కానీ 2010లో!

వినే పిల్లలు బడికొచ్చేసరికే తెలుగు నోట్లో ఆడుతుంటుంది, అక్షరాలు నేర్పితే చాలు. పలికినట్టే రాసే మన లిపి వాళ్ళకు వరం. వినపడని బిడ్డకు ఆ ఆసరా లేదు. "కి, తో, నుంచి" ఎందుకో చెప్పాలంటే ముందు ఆ బిడ్డకు ఏదో ఒక భాష రావాలి. సైగలు బాగా వచ్చిన పిల్లలు చదవడంలోనూ ముందుంటున్నారని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. సైగలు నేర్పితే చదువు రాదన్న భయం మాత్రం పోలేదు.

ఢిల్లీలో భారతీయ సంజ్ఞా భాష కేంద్రం 2015లో వచ్చింది. 2018లో 3,000 పదాలతో వెలువడిన దాని నిఘంటువు 2021కి 10,000కు పెరిగింది. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో మాత్రం సంజ్ఞా భాషకు చోటు లేదు.

పాప వాళ్ళమ్మ ఇప్పుడు ఆ నిఘంటువు వీడియోలు ఫోన్లో చూస్తోంది. నిన్న అన్న, బెల్లం, తేవడం సైగల్లో చేసి చూపించి, మళ్ళీ ఆ వాక్యం ముందు పెట్టింది. ఎవరు తెచ్చారని అడిగితే పాప "అన్న" మీద వేలు పెట్టింది. "నుంచి" దగ్గర ఇంకా ఆగిపోతోంది.