సనామహి మతం: క్లాసులో నాకు ఎదురయ్యే అపోహలు

హైదరాబాద్‌లో మణిపురి నృత్యం నేర్పిస్తాను. నేను నేర్చుకున్నది ఇంఫాల్‌లో. ఈ నృత్యానికి వేరు మణిపూర్‌లోని మైతేయి జాతివాళ్ల పాత మతం సనామహిలో ఉంది. ఆ సంగతి చెప్పగానే తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే.

అపోహ: మైతేయిలు వైష్ణవులు కదా, మళ్లీ వేరే మతమేంటి?

వైష్ణవులు ఎక్కువే, నిజమే. ఇంఫాల్‌లో నేను అద్దెకున్న ఇంటి ముందూ తులసికోట ఉండేది. లోపల మాత్రం నైరుతి మూలన సనామహి, ఆ మతం పేరే ఉన్న ఇంటి దేవుడు. విగ్రహం లేదు, శుభ్రంగా అలికిన చోటు, ఒక దీపం. దేవుడంటే ఈశాన్యమే అనుకునే నాకు అదే మొదటి వింత. ఉత్తరం వైపు సనామహి తల్లి లైమరెల్ సిదబి, పొయ్యి దగ్గర పొయ్యి దేవత ఇమొయిను. ఇంటావిడను ఇమా, అంటే అమ్మా అని పిలిచేదాన్ని. వండిన అన్నంలో తొలి ముద్ద పొయ్యి దగ్గర పెట్టాకే మాకు వడ్డించేది. “ఇంతకీ మీది ఏ మతం ఇమా?” అని ఒకసారి అడిగేశాను. “కృష్ణుడు గుళ్లో ఉంటాడు, ఈయన ఇంట్లో ఉంటాడు” అని కూర వేసింది.

అలాగని అందరూ రెండూ పాటించరు. వైష్ణవం వదిలేసి సనామహినే నమ్మేవాళ్లున్నారు. 2011 జనాభా లెక్కల్లో 2 లక్షల మందికి పైగా తమ మతం సనామహి అని రాయించుకున్నారు. దీన్ని హిందూ మతంలో ఒక శాఖ అంటే వాళ్లకు కోపం వస్తుంది, రావాలి కూడా.

అపోహ: రాజు గ్రంథాలు తగలబెట్టించాక ఆ మతం పోయింది.

18వ శతాబ్దంలో మణిపూర్ రాజు గరీబ్ నివాజ్ వైష్ణవ గురువు శాంతిదాస్ గోసాయి మాట విని పుయాలనే పవిత్ర గ్రంథాలను కాల్పించిన మాట వాస్తవం. కానీ పూజ ఇంటి మూలన, ఊరి వనంలో సాగుతూనే ఉంది. 1930లో నావోరియా ఫూలో అస్సాంలోని కచార్‌లో అపొక్పా మరూప్ అనే సంఘం పెట్టి ఈ మతానికి మళ్లీ ఊపు తెచ్చారు.

అపోహ: సనామహి కథ మన వినాయకుడి కథే.

ముందు లోకం చుట్టి వచ్చినవాడికే సింహాసనం అంటాడు తండ్రి. సనామహి బయల్దేరతాడు. తమ్ముడు పాఖంగ్బా తల్లి మాట విని తండ్రి సింహాసనం చుట్టూ తిరిగి రాజ్యం కొట్టేస్తాడు. పోలిక ఉంది, కాదనను. కానీ ఇక్కడ ఓడిపోయిన అన్నే ఇంటింటి దేవుడయ్యాడు, చూడండి. పాఖంగ్బాది సర్పరూపం కాబట్టి “పాముల పూజ” అనేవాళ్లూ ఉన్నారు. మైతేయిలకు ఆయన రాజవంశానికి మూలపురుషుడు.

అపోహ: లై హరావ్బా అంటే డ్యాన్స్ ప్రోగ్రాం.

ఇది మైతేయిల దేవతల పండుగ. లై అంటే దేవత, హరావ్బా అంటే సంతోషపెట్టడం. మొదట దేవతను నీళ్లలోంచి పిలవాలి. చెరువు గట్టున తెల్లబట్టల అమైబీ, అంటే పూజారిణి, అరిటాకు పొట్లాలు నీళ్లలో వదులుతుంది. పెనా అనే ఒంటితంత్రి వాయిద్యం మోగుతుంటే, గంట ఊపుతూ దారాల వెంట దేవతను కుండలోకి రప్పిస్తుంది. ఒంట్లోకి దేవత రాగానే వాక్కు చెబుతుంది. మనవాళ్లకు బోనాల్లో రంగం గుర్తొస్తుంది. అయితే అమైబీ పాటా, ఆటా, మంత్రమూ ఏళ్ల తరబడి నేర్చుకున్న మనిషి. మగవాళ్లనూ దేవత ఎంచుకుంటే ఆడవేషంలోనే పూజ చేస్తారు.

తర్వాత వచ్చే నాట్యంలో సృష్టి జరుగుతుంది. మనిషి శరీరం ఏర్పడటం, ఇల్లు కట్టడం, పత్తి విత్తడం, బట్ట నేయడం అన్నీ చేతులతోనే. నేర్చుకునే రోజుల్లో అందంగా ఉందని చేతులు తెగ తిప్పుతుంటే గురువుగారు పెనా ఆపించి, “ఏం విత్తుతున్నావు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు నా పిల్లల్ని నేనూ అదే అడుగుతున్నా.