అణువుల్లో చక్కెర ముక్కల్ని కంప్యూటర్‌తో పట్టుకోవడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫార్ములా చూస్తే చక్కెరో కాదో తెలిసిపోతుంది.

వాస్తవం: గ్లూకోజ్‌కీ ఇనోసిటాల్‌కీ ఫార్ములా ఒక్కటే: ఆరు కార్బన్లు, పన్నెండు హైడ్రోజన్లు, ఆరు ఆక్సిజన్లు. కానీ గ్లూకోజ్ వలయంలో ఒక ఆక్సిజన్ ఉంటుంది, ఇనోసిటాల్ వలయమంతా కార్బనే. కాబట్టి అది చక్కెర కాదు.

అపోహ: ఒక ఆక్సిజన్ ఉన్న వలయం దొరికితే పని అయిపోయినట్టే.

వాస్తవం: తలనొప్పి మొదలయ్యేదే అక్కడ. అలాంటి వలయాలు చక్కెర కాని అణువుల్లోనూ బోలెడు. అందుకని వలయం బయట ఎన్ని ఆక్సిజన్లు తగులుకుని ఉన్నాయో లెక్కపెట్టి, ఆ సంఖ్యని వలయంలోని పరమాణువుల సంఖ్యతో భాగిస్తాం. 2020లో వచ్చిన షుగర్ రిమూవల్ యుటిలిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో ఈ నిష్పత్తి డిఫాల్ట్‌గా 0.5. అంటే ఆరు పరమాణువుల వలయానికి కనీసం మూడు ఉండాలి. ఎరిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ని ఈ నియమంతో చూడండి. అందులో రెండు చక్కెరలున్నాయి. క్లాడినోజ్‌కి సరిగ్గా మూడు ఆక్సిజన్లు, గట్టెక్కుతుంది. డెసోసమైన్‌కి రెండే, మూడోది ఉండాల్సిన చోట నైట్రోజన్ ఉంది. అది జారిపోతుంది! పరిమితి తగ్గిస్తే దొరుకుతుంది గానీ, దాంతోపాటు చెత్త కూడా వచ్చి పడుతుంది. నేనైతే పరిమితి జోలికి పోను. నైట్రోజన్‌ని కూడా లెక్కలో కలిపే నియమం విడిగా రాస్తాను.

అపోహ: ఏ చక్కెరో పేరు కూడా ప్రోగ్రామే చెప్పేస్తుంది.

వాస్తవం: గ్లూకోజ్, గాలక్టోజ్, మానోజ్‌ల మధ్య తేడా పరమాణువులు ఏ వైపు తిరిగి ఉన్నాయన్న దాంట్లోనే. డేటాబేస్‌లో ఆ వివరం లేకపోతే హెక్సోజ్ (ఆరు కార్బన్ల చక్కెర) అని రాసి ఊరుకోవడం మంచిది.

అపోహ: మాస్ స్పెక్ట్రమ్‌లో, అంటే అణువు ముక్కల బరువులు చూపే గ్రాఫ్‌లో, బరువు 162 తగ్గిందంటే గ్లూకోజ్ ఊడినట్టే.

వాస్తవం: హెక్సోజ్ ఊడితే 162.0528 తగ్గుతుంది, చక్కెర కాని కెఫియోయిల్ అనే ముక్క ఊడితే 162.0317. రిజల్యూషన్ తక్కువ ఉన్న మెషీన్‌కి రెండూ 162లే. మంచి మెషీన్ ఈ రెండింటినీ విడదీస్తుంది. అప్పుడు కూడా అది ఏ హెక్సోజో ఆ అంకె చెప్పదు.

అపోహ: చక్కెర ఉత్త తోక, అణువుల మధ్య పోలికలు చూసే ముందు కోసేయాలి.

వాస్తవం: కోయడానికి కారణం ఉంది. రెండిట్లోనూ అదే చక్కెర ఉంటే, సంబంధం లేని అణువులు కూడా ఫింగర్‌ప్రింట్ స్కోరులో (నిర్మాణాల పోలికని కంప్యూటర్ లెక్కగట్టే అంకెలో) దగ్గరివాటిలా కనిపించవచ్చు. అలాగని మందు ఎలా పనిచేస్తుందో చూసేటప్పుడు కోస్తే కష్టం. ఎరిత్రోమైసిన్ బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ని పట్టుకునేది ఆ డెసోసమైన్ సాయంతోనే.

అపోహ: చక్కెర ఎప్పుడూ ఆక్సిజన్ ద్వారానే అతుక్కుంటుంది.

వాస్తవం: అడెనోసిన్‌లో నైట్రోజన్‌తో, విటెక్సిన్ అనే మొక్కల పదార్థంలో నేరుగా కార్బన్‌తో అతుక్కుంటుంది. షుగర్ జబ్బుకి వాడే మందు డాపాగ్లిఫ్లోజిన్‌లోనూ కార్బన్ బంధమే. ఆక్సిజన్ బంధం తప్పనిసరి అని సెట్టింగ్ పెట్టారంటే ఇవి మూడూ మీ ఫలితాల్లో కనబడవు.