బరిలో చోటు ఎవరిది: 2008 నుంచి రగులుతున్న గోల్ఫ్ పేచీ

ప్రపంచం మెచ్చిన గోల్ఫర్లు ఢిల్లీకో గురుగ్రామ్‌కో వస్తున్నారనగానే ఒక పాత వాదన నిద్ర లేస్తుంది. అంత పెద్ద టోర్నీ బరిలో మన ఆటగాళ్ళకు ఎన్ని చోట్లు ఉండాలి, వాటిని ఏ లెక్కన పంచాలి అన్నదే ఆ వాదన. 2025 అక్టోబరులో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో 40 లక్షల డాలర్ల బహుమతి మొత్తంతో ఇండియా ఛాంపియన్‌షిప్ జరిగింది. రోరీ మెకిల్‌రాయ్ మొదటిసారి మన గడ్డ మీద ఆడాడు. టామీ ఫ్లీట్‌వుడ్ గెలిచాడు. నాలుగు రోజుల పండుగ ముగిసింది కానీ వాదన ముగియలేదు. దేశంలో ప్రొఫెషనల్ గోల్ఫే రెండు శిబిరాలుగా చీలిన ఈ సమయంలో అది ఇంకా పదునెక్కింది.

అనంతపురంలో కూర్చున్నవాళ్ళకు ఈ గొడవతో పనేమిటని అడగవచ్చు. వానలు మొహం చాటేసిన ప్రతి ఏడాదీ ఈ జిల్లా పల్లెల నుంచి బెంగళూరు బస్సు ఎక్కినవాళ్ళు వేలల్లో ఉన్నారు. వాళ్ళు అక్కడ ఇళ్ళు కట్టారు, కాపలా కాశారు. కొందరు గోల్ఫ్ మైదానాల్లో గడ్డి కోశారు, ఆటగాళ్ళ వెంట బ్యాగులు మోశారు. మా పెద్దనాన్న కొడుకు కల్యాణదుర్గం దగ్గరి పల్లె నుంచి వెళ్ళి పదకొండేళ్ళు అక్కడ కేడీగా, అంటే ఆటగాళ్ళ బ్యాగు మోసే సహాయకుడిగా, పనిచేశాడు. ఆ ఆటను నేను చూడటం నేర్చుకున్నది ఆయన కళ్ళతోనే.

సౌదీ డబ్బుతో నడిచే లివ్ గోల్ఫ్ లీగ్ ఎలా పుట్టింది, ఆ డబ్బు ఎవరెవరిని లాక్కుపోయింది, అమెరికా పీజీఏ టూర్ ఎలా ఎదురు తిరిగింది అన్నవి ఈ నాలుగేళ్ళుగా అందరూ చదివినవే. వాటిని ఇక్కడ తిరగతోడను. మన పేచీకి మూలం అంతకు చాలా ముందే, 2008 ఫిబ్రవరిలో ఉంది.

ఆ నెలలో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఇండియన్ మాస్టర్స్ జరిగింది. యూరోపియన్ టూర్ భారతదేశంలో అడుగుపెట్టిన మొదటి టోర్నీ అది. (తన సభ్యులకు వరుసగా టోర్నీలు నడిపే సంస్థను టూర్ అంటారు.) బహుమతి మొత్తం 25 లక్షల డాలర్లు. ఎర్నీ ఎల్స్ వంటి దిగ్గజం బరిలో ఉన్నాడు. నిర్వాహకుల ప్రకటనలన్నీ విదేశీ పేర్ల చుట్టూ తిరిగాయి. ఆదివారం సాయంత్రం చివరి గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి పచ్చిక మీద, కప్పు పట్టుకుని నిలబడినవాడు మాత్రం 29 ఏళ్ళ ఎస్‌ఎస్‌పీ చౌరాసియా. తండ్రి రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో పచ్చిక చూసుకునే ఉద్యోగి. కొడుకు అదే మైదానం అంచుల్లో పెరిగాడు. శిక్షకుడి దగ్గర పాఠాలు లేవు. చూసి నేర్చుకున్న ఆట. గ్రీన్ దగ్గర చిన్న దెబ్బల్లో ఆయన నేర్పు చూసి తోటివాళ్ళు ‘చిప్‌పుట్‌సియా’ అని పిలిచేవారు. ఐర్లండ్ ఆటగాడు డేమియన్ మెక్‌గ్రేన్ రెండు స్ట్రోకుల (దెబ్బల) వెనక మిగిలిపోయాడు.

నేటి వాదనకు పనికొచ్చే సంగతి ఆ గెలుపు కాదు, ఆయన బరిలోకి వచ్చిన దారి. ఆ రోజుకు చౌరాసియాకు యూరోపియన్ టూర్ సభ్యత్వం లేదు. ప్రపంచ ర్యాంకు చూసి పిలిచే స్థాయి ఆయనది కాదు. రెండు టూర్లు కలిసి నడిపే టోర్నీలో బరిని వాటాలుగా పంచుతారు. ఒక్కో టూర్ తన సభ్యులను వరుస క్రమంలో పంపుతుంది. ఆతిథ్య దేశానికి కొన్ని చోట్లు ఉంటాయి. స్పాన్సరు పిలుపులు మరికొన్ని. చౌరాసియా రెండో భాగస్వామి అయిన ఏషియన్ టూర్ వాటాలోంచి లోపలికి వచ్చాడు. గెలిచాక యూరప్ తలుపు దానంతట అదే తెరుచుకుంది. ఆ వాటా లేకపోతే ఆయన ఆ వారం టీవీలో ఎల్స్‌ను చూస్తూ ఉండేవాడు.

కేడీలు, మైదానం పనివాళ్ళ పిల్లలు బరిలోకి దిగితే ఏమవుతుందో అంతకు ముందూ, ఆ తర్వాతా ఇండియన్ ఓపెన్ అనే మరో టోర్నీ చూపించింది. 1991లో అలీ షేర్ గెలిచేదాకా ఆ టోర్నీని భారతీయ ప్రొఫెషనల్ ఎవరూ గెలవలేదు. ఆయన ఢిల్లీలో బ్యాగులు మోసి ఎదిగినవాడు. 1993లో మళ్ళీ గెలిచి మొదటిది గాలివాటం కాదని నిరూపించాడు. 2009లో బెంగళూరు కేడీ సి.మునియప్ప ప్లేఆఫ్‌లో (స్కోర్లు సమానమైతే ఆడే అదనపు పోటీలో) కొరియా ఆటగాడిని ఓడించి అదే కప్పు అందుకున్నాడు. ఆ రాత్రి మా అన్న ఫోను చేశాడు. చాలాసేపు మాట రాలేదు. చివరికి ఒక్క మాటే అన్నాడు: “మనవాడే, తమ్ముడూ. మన బ్యాగుల వాడే.” 2013లో గెలిచిన సిద్దికుర్ రహ్మాన్‌ది బంగ్లాదేశ్. ఢాకాలో బంతులు ఏరుతూ మొదలుపెట్టాడు.

బ్యాగు మోయడం అంటే బరువు మోయడం ఒక్కటే అనుకుంటారు చాలామంది. ఒకసారి పండక్కి ఊరికి వచ్చినప్పుడు మా అన్న నాకు కళ్ళంలో గ్రీన్ చదవడం చూపించాడు. వేరుశనగ అప్పుడే ఎత్తేశారు. పేడతో అలికిన నేల గట్టిగా, నున్నగా ఉంది. ఒక పాత బంతి కింద పెట్టి, గొంతుక్కూర్చుని, కన్ను నేలకు దించాడు. “బంతిని చూడకు. వాన పడితే ఈ నేల మీద నీళ్ళు ఎటు పోతాయో అది చూడు” అన్నాడు. నాకు చదునుగా కనబడిన కళ్ళంలో ఆయనకు రెండు వాలులు కనిపించాయి. గొడుగు పిడితో బంతిని మెల్లగా తట్టాడు. అది తిన్నగా వెళ్ళి, నడుమ ఎడమకు ఒరిగి, గుంజ పాతిన గుంత అంచును ముద్దాడి ఆగింది. పొలం వాలు చూసి గట్టు వేసే ఇంట్లో పుట్టినవాడి చూపు అది. ఆ చూపును నమ్మి ఆయన వెంట వచ్చిన ఆటగాళ్ళు పుట్‌లు (గుంతలోకి మెల్లగా దొర్లించే దెబ్బలు) వేసి పందేలు గెలిచారు. సోమవారం క్లబ్బుకు సెలవు. కేడీలు ఆడుకోవడానికి దొరికేది ఆ ఒక్క రోజే. మా అన్న దగ్గర ఉన్న క్లబ్బులు మూడు, మూడూ మూడు వేర్వేరు సెట్లలోవి.

2015లో యూరోపియన్ టూర్ ఇండియన్ ఓపెన్‌కు కూడా చేయి కలిపింది. ఆ ఏడాది అనిర్బన్ లాహిరి, చౌరాసియా ప్లేఆఫ్ ఆడారు, లాహిరి గెలిచాడు. చౌరాసియా ఆ కప్పుకు రెండో స్థానంలో ఆగిపోవడం అది నాలుగోసారి. 2016లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో అది ఆయనకు దక్కింది. మరుసటి ఏడాది టోర్నీని గురుగ్రామ్‌లో గ్యారీ ప్లేయర్ రూపొందించిన కష్టమైన కోర్సుకు మార్చారు. ఢిల్లీ పొదల మధ్య ఇరుకు దారులు అలవాటు కాబట్టే మనవాళ్ళు గెలుస్తున్నారని అప్పట్లో ఒక మాట వినబడేది. చౌరాసియా ఆ కొత్త కోర్సులో ఏడు స్ట్రోకుల తేడాతో గెలిచి ఆ మాటకు జవాబు చెప్పాడు.

ఆ తర్వాత 2025 దాకా భారతీయుడెవరూ ఆ కప్పు ఎత్తలేదు. మ్యాట్ వాలెస్, స్టీఫెన్ గాలకర్, కోవిడ్ విరామం, తర్వాత మార్సెల్ సీమ్, కీటా నకజిమా, యూజెనియో చకారా. బరి బలపడింది, పోటీ పెరిగింది అనడం నిజమే. కానీ దాంతో పాటు మారినది మరొకటి ఉంది. 2022లో ఏషియన్ టూర్ లివ్ వైపు మొగ్గాక ఇండియన్ ఓపెన్ యూరప్ టూర్, మన దేశవాళీ టూర్ పీజీటీఐ కలిసి నడిపేదిగా మిగిలింది. చౌరాసియా వచ్చిన ఆసియా వాటా అనే మెట్టు అక్కడితో పోయింది. అదే ఏడాది ఆగస్టులో ప్రపంచ ర్యాంకుల లెక్క కూడా మారింది. చిన్న టూర్లకు ఇంతకు ముందు హామీగా దక్కిన కనీస పాయింట్లు రద్దయ్యాయి. ఇప్పుడు పాయింట్లు పూర్తిగా బరిలో ఎవరున్నారన్న దాని మీదే ఆధారపడతాయి. దేశవాళీ టోర్నీ గెలిచినవాడికి వచ్చేది గోరంత. ఆ గోరంతతో పెద్ద బరిలోకి వెళ్ళలేడు. పెద్ద బరిలోకి వెళ్ళనిదే పాయింట్లు పెరగవు. తలుపుకు గొళ్ళెం లోపలి నుంచే పెట్టారు.

నిర్వాహకుల వాదన కూడా ఉంది. మెకిల్‌రాయ్ వస్తేనే ప్రసార సంస్థలు వస్తాయి, స్పాన్సర్లు వస్తారు, బరి బలంగా ఉంటే అందులో ఆడిన మనవాళ్ళకూ పాయింట్లు ఎక్కువ దక్కుతాయి అని వాళ్ళంటారు. అందులో అబద్ధమేమీ లేదు. ఉన్న చోట్లు ఎవరికి అన్న ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

ప్రపంచమంతటా గాలి అటే వీస్తోంది. అమెరికా పీజీఏ టూర్ పూర్తి హక్కులున్న సభ్యుల సంఖ్యను 125 నుంచి 100కు తగ్గించింది. 156 మంది ఆడే బరులను 144కు కుదించింది. సోమవారం అర్హత పోటీల ద్వారా ఇచ్చే చోట్లకూ కోత పెట్టింది. ఎవరైనా సరే, ఆ ఒక్క రోజు బాగా ఆడితే గురువారం పెద్దవాళ్ళ పక్కన నిలబడవచ్చన్న ఆశకు నిలువెత్తు రూపం ఆ సోమవారం చోట్లు. కోతలు వేసేటప్పుడు కత్తి ముందుగా పడేది అక్కడే.

ఇక దేశంలోని చీలిక. 2006లో మొదలైన పీజీటీఐ ఇన్నాళ్ళూ మన ప్రొఫెషనళ్ళకు ఏకైక వేదిక. 2024 నుంచి కపిల్‌దేవ్ దానికి అధ్యక్షుడు. 2025లో ఐజీపీఎల్ పేరుతో కొత్త టూర్ వచ్చింది. తమ సభ్యులు అటు వెళితే ఇటు ఆడనివ్వబోమని పీజీటీఐ పట్టుబట్టింది. పేరున్న ఆటగాళ్ళు కొందరు అటు వెళ్ళారు. వాళ్ళకు పేరుంది, పొదుపు ఉంది, రేపు ఎటైనా తిరిగి రాగలరు. పీజీటీఐకి కూడా తన కారణాలున్నాయి. యూరప్ టూర్‌తో కలిసి నడిపే టోర్నీలో భారత వాటా చోట్లు దాని చేతుల మీదుగానే వెళతాయి. సభ్యులు చెదిరితే ఆ వాటా విలువే పడిపోతుంది. అయినా ఇద్దరి పోరులో నలిగేది ఇంకా ఏ జాబితాలోనూ పేరు లేనివాడు. మైదానాల్లో పచ్చిక కోస్తూ, సోమవారం కోసం ఎదురుచూస్తూ ఉన్నవాడు. వాడి గురించి రెండు వైపుల ప్రకటనల్లో ఒక్క వాక్యం నాకు కనబడలేదు.

మా అన్న ఇప్పుడు ఊళ్ళోనే ఉన్నాడు. మోకాళ్ళు అరిగిపోయి బ్యాగు దించేశాడు. కొడుకు బెంగళూరులోనే ఉన్నాడు. పగలు ఒక డ్రైవింగ్ రేంజిలో, అంటే గోల్ఫ్ దెబ్బలు సాధన చేసే మైదానంలో, బంతులు ఏరుతాడు, చీకటి పడ్డాక కొడతాడు. పందొమ్మిదేళ్ళు. తండ్రికున్న చూపు ఉంది, తండ్రికి లేని భుజబలం ఉంది. మొన్న రాత్రి ఫోను చేశాడు. “చిన్నాన్నా, క్వాలిఫయింగ్‌కు డబ్బులు కూడబెట్టాను. ఒక్కదానికే సరిపోతాయి. ఇటు కట్టమంటావా, అటు కట్టమంటావా? ఇటు కడితే రేపు అటు రానిస్తారా?”

రేపు కనుక్కుని చెబుతానన్నాను. రెండు టూర్ల నిబంధనలూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆదివారంలోగా వాడికి చెప్పాలి.