కుంకుడు రసమైనా చెరువులో పోయొద్దు: బోటు కడిగే మందులపై అపోహలు - వాస్తవాలు

లక్నవరం, రామప్ప, పాకాల. 13వ శతాబ్దంలో కాకతీయులు కట్టించిన ఈ చెరువుల కింద ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి, వలలు పడుతున్నాయి. నా పని ఇలాంటి చెరువుల్లో తిరిగే ఫైబర్ బోట్లు కడగడం, రిపేరు చేయడం. కడగడానికి ఏం వాడాలని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తారు.

అపోహ: కుంకుడు రసం చెట్టుది కదా, చేపలకు ఏం కాదు.

వాస్తవం: తలకు మంచిదే. కానీ దానికి నురగనిచ్చే సపోనిన్లు చేపల మొప్పలను దెబ్బతీస్తాయి. కుంకుళ్లు దంచి నీళ్లలో కలిపి, చేపలు తేలాక ఏరుకోవడం పాతకాలపు పద్ధతే. సర్ఫు దెబ్బ కూడా మొప్పల మీదే. డబ్బా మీద 'బయోడిగ్రేడబుల్' అని ఉన్నా, అది విడిపోవడానికి రోజులు పడుతుంది. పిల్ల చేప అన్నాళ్లు ఆగదు. అందుకే బోటును ఒడ్డుకు లాగి, కడిగిన నీళ్లు మట్టిలో ఇంకేటట్టు చూస్తా. నిజానికి వారం వారం కడిగేటప్పుడు మందే అక్కర్లేదు. పాకుడు తడిగా ఉండగానే మెత్తటి బ్రష్షుతో రుద్దితే ఉత్త నీళ్లకే పోతుంది. ఎండనిచ్చారా, చేతులు నొప్పి పెడతాయి.

అపోహ: బాత్రూం యాసిడ్‌కు పోని మరక లేదు.

వాస్తవం: మరకతో పాటు అల్యూమినియం కూడా పోతుంది. నీళ్లలో మునిగే మోటారు కింది భాగం, అంటే మోటారు కాలు మీద గుంటలు పడతాయి. వానాకాలపు ఎర్రనీళ్ల చారకు పలుచగా కలిపిన ఆక్సాలిక్ యాసిడ్ చాలు. చేతికి గ్లౌజులు వేసుకోండి, వెంటనే కడిగేయండి. ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు పడే తెల్లగీతకు వెనిగర్ సరిపోతుంది.

అపోహ: రెండు మందులు కలిపితే రెండింతలు పనిచేస్తాయి.

వాస్తవం: మా హెల్పరొకడు ఇంజన్ గూట్లో యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ నీళ్లు పోసిండు. వచ్చింది క్లోరిన్ గ్యాస్. దగ్గుకుంటూ బయటపడ్డడు, రెండు రోజులు గొంతు మంట. ఆ తర్వాత నా షెడ్డులో బ్లీచింగ్ పెట్టలే.

ముందరి అద్దానికి పెట్రోల్, థిన్నర్ తగలనీయొద్దు. అది గాజు కాదు, అక్రిలిక్ అనే ప్లాస్టిక్. ఒకసారి నేనే పెట్రోల్ గుడ్డతో తుడిచి, సాలెగూడు లాంటి పగుళ్లు తెచ్చుకున్నా. కొత్తది నా జేబులోంచే.

అపోహ: బోటు అడుగున చేరిన ఆయిల్‌కు గిన్నెల సబ్బు మందు.

వాస్తవం: సబ్బు ఆయిల్‌ను మాయం చేయదు, చిన్న చుక్కలుగా విడగొట్టి నీళ్లలో కలుపుతుంది. అడుగు నీళ్లు తోడే పంపు ఆన్ చేయగానే అదంతా చెరువులోకే. నేను రంపపు పొట్టును పాత కాటన్ సంచిలో కట్టి అడుగున పడేస్తా. ఊరికే చల్లితే పంపు జాలి మూసుకుపోతుంది. పొట్టేమో వడ్లాయన ఉత్తగనే ఇస్తడు.