పెయింటు చివర్లో, చాసిస్ ముందు: పాత పికప్‌ను ఇంట్లో బాగుచేసుకోవడంపై అపోహలు, వాస్తవాలు

ఆ మధ్య సింగ్ నగర్ నుంచి ఒక కుర్రాడు కానూరులో ఉన్న మా షెడ్డుకి వచ్చాడు. వాళ్ల నాన్న ఏళ్ల తరబడి గుంటూరు యార్డుకి మిర్చి టిక్కీలు (బస్తాలు) తోలిన టాటా 207 పికప్ ఒకటి ఇంటి పక్కన ఉందట. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి వీధుల్లోకి వచ్చినప్పుడు ఆ బండి సీటు దాకా మునిగింది. తుక్కు కింద అమ్మడానికి నాన్నకి మనసు రాలేదు. ఇప్పుడు కొడుకు దాన్ని తన చేతులతో బాగుచేసుకుందామనుకుంటున్నాడు. జేబులోంచి కలర్ కార్డు తీసి, "బాబాయ్, ఈ ముదురు ఆకుపచ్చ బాగుంటుందా?" అని అడిగాడు.

"చాసిస్ కింద దూరి చూశావా నాన్నా?" అన్నాను. చూడలేదు.

ఆటోనగర్‌లో పద్దెనిమిదేళ్లు మెకానిక్‌గా చేశాను. ఆ తర్వాత నుంచి పాత పికప్‌లు, జీపులే నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ కుర్రాడిలాగే రంగు దగ్గర మొదలుపెడతారు. పాత బండికి అసలు ప్రాణం కంటికి కనపడని చోట్లలో ఉంటుంది. డబ్బూ ఓపికా ముందు అక్కడ పెట్టాలి. నేను తరచూ వినే మాటలు, వాటి వెనకున్న నిజాలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఇది ఇంట్లో అయ్యే పని కాదు, షెడ్డుకి ఇచ్చేయాల్సిందే

వాస్తవం: కారు కంటే పికప్ ఇంట్లో చేసుకోవడానికి చాలా అనువైన బండి. ఈ కాలపు కారులో బాడీ, చాసిస్ ఒకటే. పాత పికప్‌లో నిచ్చెనలాంటి చాసిస్ వేరు, దాని మీద బోల్టులతో బిగించిన క్యాబిన్ వేరు, వెనక తొట్టి వేరు. బోల్టులు విప్పి నలుగురు పట్టుకుంటే తొట్టి పైకి లేస్తుంది. కింద ఏముందో అంతా కనిపిస్తుంది.

విప్పడం, కడగడం, తుప్పు గీకడం, ప్రైమర్ వేయడం, బుష్‌లు మార్చడం, వైరింగ్ సరిచేయడం ఇంట్లో హాయిగా చేసుకోవచ్చు. క్రాంక్ గ్రైండింగ్, సిలిండర్ బోరింగ్, బ్రేక్ డ్రమ్ములు లేత్ మీద పట్టించడం, డీజిల్ పంపు, సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల క్యాలిబ్రేషన్ మాత్రం బయట చేయించాలి. వాటికి కొలత చూసే మిషన్లు కావాలి. మనకి జవహర్ ఆటోనగర్ పక్కనే ఉంది. లేత్ వర్క్స్, కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) వాళ్లు, రేడియేటర్ల వాళ్లు అందరూ ఒకేచోట దొరుకుతారు. పొద్దున ఇచ్చిన డ్రమ్ము సాయంత్రానికి చేతికొస్తుంది. చాలా ఊళ్లలో వాళ్లకి ఈ సౌకర్యం లేదు.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. విప్పే ముందు ప్రతి చోటా ఫోన్‌లో ఫొటో తీయండి. ఏ నట్లు ఎక్కడివో డబ్బాల మీద రాసిపెట్టండి. బండి కింద దూరేటప్పుడు జాకీని నమ్మకండి, ఇటుకల్ని అసలే నమ్మకండి. ఇటుక ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా ఒక్కసారిగా పగిలిపోతుంది. గట్టి ఇనప స్టాండ్లు నాలుగు కొనడమే ఈ పనిలో మీ మొదటి ఖర్చు కావాలి.

అపోహ: తుప్పు గీకి పుట్టీ పెట్టి పెయింటు కొడితే బండి కొత్తదైపోతుంది

వాస్తవం: బండి కొత్తదవదు, కొత్తగా కనిపిస్తుంది. నేను కొత్తగా పని మొదలుపెట్టిన రోజుల్లో ఒకాయన అలాంటి బండే కొనుక్కుని వచ్చాడు. పైన అద్దంలా మెరుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో క్యాబిన్ ఫ్లోరు మీద పొడిస్తే లోపలికి దిగిపోయింది. రేకు ఉండాల్సిన చోట వేలిమందం పుట్టీ ఉంది. చాసిస్ వెంట వెళ్లే ఇనప బ్రేక్ పైపు తుప్పుకి పలచబడి, నొక్కితే చెమ్మ కారుతోంది. ఆయన ఆ బండిలో పిల్లల్ని ఎక్కించుకుని వచ్చాడు. ఆ రోజు నా చేతులు వణకడం నాకింకా గుర్తుంది.

పుట్టీ ఉన్నది చిన్న సొట్టల్ని చదును చేయడానికి. మూడు మిల్లీమీటర్లు దాటి పెట్టకూడదు. అది చెమ్మని పీలుస్తుంది, కాబట్టి కింద తుప్పు మిగిలితే ఒక వానాకాలంలోనే పెయింటు బుడగలు లేస్తుంది. రేకు చిల్లులు పడితే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయడం తప్ప దారి లేదు.

రెడ్ ఆక్సైడ్ మీద కూడా మనవాళ్లకి నమ్మకం ఎక్కువ. అది ప్రైమర్ మాత్రమే. దానిలోంచి చెమ్మ లోపలికి దిగుతుంది. రెడ్ ఆక్సైడ్ కొట్టి పైపూత వేయకుండా వానలో వదిలేసిన చాసిస్ మూడు నెలల్లో మళ్లీ తుప్పు పడుతుంది. వైరు బ్రష్‌తో, గ్రైండర్‌తో ఇనుము మెరిసేదాకా గీకి, థిన్నర్‌తో జిడ్డు తుడిచి, అదే రోజు రెండు భాగాల ఎపాక్సీ ప్రైమర్ వేయండి. గుంటల్లో మిగిలిన తుప్పుకి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ కన్వర్టర్ వాడొచ్చు. డబ్బా మీద చెప్పినట్టు దాన్ని కడిగి ఆరబెట్టాకే ప్రైమర్ వేయాలి.

బండి ఏ లోడు తోలిందో అడగడం నాకు అలవాటు. మిర్చి, పత్తి తోలిన బండి చాసిస్ సాధారణంగా బాగుంటుంది. కైకలూరు, మచిలీపట్నం వైపు చేపలు, రొయ్యలు తోలిన బండి అయితే తొట్టి కింద జాగ్రత్తగా చూడాలి. ఐసు కరిగిన ఉప్పునీళ్లు ఏళ్ల తరబడి చాసిస్ మీద కారి ఉంటాయి. ఉప్పు కలిసిన నీళ్లలో తుప్పు చాలా వేగంగా నడుస్తుంది. ఎరువుల బస్తాలు తోలిన బండీ అంతే. యూరియా గాలిలో చెమ్మని లాక్కుని ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. కమాన్ కట్టల హ్యాంగర్లు, క్యాబిన్ మౌంటింగులు, బ్యాటరీ ట్రే కింద భాగం, ఈ మూడు చోట్లా చిన్న సుత్తితో కొట్టి చూడండి. మంచి ఇనుము ఖంగుమంటుంది. లోపల తుప్పు తినేసిన ఇనుము మొద్దుగా పలుకుతుంది.

చాసిస్ పగులుకి వెల్డింగ్ పడాల్సి వస్తే ఇంట్లో చేయొద్దు, చేయి తిరిగిన మనిషికే ఇవ్వండి. ప్యాచ్ ప్లేటు చివరలు నిటారుగా కోయకుండా ఏటవాలుగా కోయమనండి. చాసిస్‌కి అడ్డంగా నిలువు గీతలా వెల్డింగ్ వేస్తే బరువంతా ఆ గీత దగ్గరే పడి, దాని పక్కనే కొత్త పగులు వస్తుంది. వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ వైర్లు తీసేయాలి. డీజిల్ ట్యాంకు, పైపులు బండి మీద ఉండకూడదు.

పాత ఇంజిన్ ఆయిల్ కింద పూస్తే తుప్పు రాదని పెద్దవాళ్లు చెబుతారు. కొన్నాళ్లు ఆపుతుంది, అబద్ధం కాదు. కానీ ఆ ఆయిల్ రబ్బరు బుష్‌లని ఉబ్బిస్తుంది, దుమ్ముని పట్టేస్తుంది, వానకి కొట్టుకుపోయి నేలలోకి దిగుతుంది. తర్వాత ప్రైమర్ వేద్దామన్నా అంటదు.

అపోహ: మునిగిన బండి ఆరిపోయాక ఒకసారి స్టార్ట్ చేసి చూస్తే తెలిసిపోతుంది

వాస్తవం: ఆ ఒక్కసారే ఇంజిన్‌ని చంపుతుంది. డీజిల్ ఇంజిన్‌లో పిస్టన్ గాలిని 16 నుంచి 22 రెట్ల వరకు నొక్కుతుంది. సిలిండర్‌లో నీళ్లుంటే అవి నొక్కుడుకి లొంగవు, పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. బుడమేరు తగ్గిన వారంలో ఇలా రాడ్లు వంగిన ఇంజిన్లు నేను చూశాను. రెండు రోజులు ఆగి ఉంటే ఆయిల్ మార్పుతో పోయేవి.

సింగ్ నగర్ కుర్రాడి అదృష్టం, ఆ బండిని ఎవరూ కదపలేదు. నాజిళ్లు విప్పి, ప్రతి సిలిండర్‌లో కాస్త ఆయిల్ పోసి రెండు రోజులు వదిలేశాం. తర్వాత క్రాంక్ పుల్లీని పెద్ద స్పానర్‌తో చేత్తో తిప్పాం. మొదట కదల్లేదు. ముందుకీ వెనక్కీ కొద్దికొద్దిగా కదిలిస్తూ పోతే మూడో రోజు తిరిగింది. బురదనీళ్లు బయటికొచ్చాయి. గేర్ బాక్స్, డిఫరెన్షియల్ ఆయిల్ తీస్తే పాలు ఎక్కువైన టీలా ఉంది, అంటే నీళ్లు కలిశాయి. ఆయిల్ మొత్తం తీసి, కడిగి, కొత్తది పోశాం. డీజిల్ ట్యాంకు దించి కడిగాం. చక్రాల బేరింగుల్లో గ్రీజు స్థానంలో ఒండ్రు ఉంది. స్టార్టర్ మోటార్ విప్పితే అందులోనూ అదే.

ఇంజిన్ స్టార్ట్ అయినప్పుడు వాళ్ల నాన్న ఏమీ మాట్లాడలేదు. బానెట్ మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

అపోహ: పొగ వస్తోందంటే ఇంజిన్ బోరుకి వచ్చినట్టే

వాస్తవం: ముందు పొగ రంగు చూడండి. నల్ల పొగ అయితే గాలి తక్కువ గానీ డీజిల్ ఎక్కువ గానీ అయినట్టు. ఎయిర్ ఫిల్టర్, నాజిళ్లు చూస్తే చాలాసార్లు సరిపోతుంది. నీలం పొగ అయితే ఆయిల్ కాలుతోంది, అప్పుడు రింగులు, వాల్వ్ సీళ్లు అనుమానించాలి. తెల్ల పొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కాలని డీజిల్ గానీ, హెడ్ గాస్కెట్ దాటి వస్తున్న నీళ్లు గానీ కారణం. సిలిండర్‌లో గాలి ఒత్తిడి చూసే కంప్రెషన్ టెస్ట్ చేయించకుండా ఇంజిన్ విప్పమన్న మాట ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసుకోవాలి, మార్చాల్సిన పనిలేదు

వాస్తవం: బ్రేక్ ఆయిల్ గాలిలోని చెమ్మని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. చెమ్మ చేరాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. నిండు లోడుతో దుర్గగుడి ఫ్లైఓవర్ దిగుతూ బ్రేకులు వేడెక్కితే ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఏళ్లుగా నిలిచిపోయిన బండికి మాస్టర్ సిలిండర్ కిట్టు, వీల్ సిలిండర్లు, హోసులు, ఇనప పైపులు అన్నీ మార్చండి. ఇక్కడ పాత సామాను, డూప్లికేట్ సామాను వద్దు. ఇంకో మాట, డ్రమ్ము విప్పి లోపలి దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదకండి. పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. తడిపి తుడవండి.

అపోహ: పెయింటు ఎండలో కొడితే త్వరగా ఆరి గట్టిగా పట్టుకుంటుంది

వాస్తవం: రోహిణి కార్తె ఎండలో బెజవాడలో పెయింటు కొడితే అది రేకు చేరేలోపే గాలిలో ఆరిపోతుంది. చేత్తో తడిమితే గరుకుగా తగులుతుంది. వాన ముసురులో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొడితే ఇంకో రకం తంటా. థిన్నర్ ఆవిరై రేకుని చల్లబరిస్తే గాలిలో చెమ్మ దాని మీద కూర్చుని తెల్లటి పొర కడుతుంది. నేను పెయింటు పనులు డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో పెట్టుకుంటాను. అదీ మంచు విడిచి ఎండ కాస్త వచ్చాక, పదింటి నుంచి మూడింటి లోపు, నీడలో. కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు రోజూ వదిలేయండి.

రెండు భాగాల పీయూ (పాలీయురెథేన్) పెయింటు హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. అవి ఉబ్బసం తెస్తాయి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే తర్వాత కొంచెం తగిలినా ఊపిరి ఆడదు. ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని కొట్టేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. బయటి గాలి పైపు ద్వారా అందించే మాస్కు లేకపోతే ఆ ఒక్క పని పెయింటు బూత్ ఉన్నవాళ్లకి ఇచ్చేయండి.

అపోహ: కమాన్‌లో ఒక ప్లేటు పెంచితే ఎక్కువ లోడు లాగుతుంది

వాస్తవం: ప్లేటు పెంచితే బండి వెనక భాగం కుంగకుండా ఉంటుంది, అంతే. యాక్సిల్, బ్రేకులు, టైర్లు, చాసిస్ పాతవే కదా. ఆపాల్సిన బరువు పెరుగుతుంది, ఆపే శక్తి పెరగదు. పెద్ద టైర్లు వేస్తే స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది, క్లచ్ మీద భారం పడుతుంది.

లైట్ల సంగతీ ఇలాంటిదే. 60/55 వాట్ల బల్బు తీసి 100/90 పెడితే ఒక్కో బల్బు 12 వోల్టుల మీద ఐదుకి బదులు ఎనిమిది ఆంపియర్లు దాటి లాగుతుంది. పాత వైరూ హోల్డరూ కరుగుతాయి. ఫ్యూజు పోయిందని రాగి తీగ చుట్టిన బండ్లలో మంటలు లేస్తాయి. అసలు బల్బే ఉంచి, బ్యాటరీ నుంచి ఫ్యూజు పెట్టి మందం వైరు, రిలే వేయండి. పాత స్విచ్చులో పోతున్న వోల్టు మిగిలితే వెలుతురులో తేడా ఆ రాత్రే కనిపిస్తుంది.

అపోహ: నా బండి, నా ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటా

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి, తయారీదారు ఇచ్చిన రూపానికి తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. ముందు బిగించే ఇనప బుల్ బార్ ఈ సెక్షన్ కిందికే వస్తుందని 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది. రంగు మార్చుకోవచ్చు, కానీ ఆర్‌సీలో నమోదు చేయించాలి. ఇంజిన్ మార్చాలంటే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడగాలి. సీటు కవర్లు, డ్యాష్‌బోర్డు, తొట్టిలో పరిచే చెక్క పలకల లాంటి వాటితో ఎవరికీ ఇబ్బంది లేదు, మీ కళ అక్కడ చూపించండి.

పదిహేనేళ్లు దాటితే బండి తుక్కుకే అన్న భయం కూడా చాలామందికి ఉంది. పెట్రోలుకి పదిహేను, డీజిల్‌కి పదేళ్లన్న గొడవ ఢిల్లీ చుట్టుపక్కలది. మన దగ్గర లోడు తోలే బండికి ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ పరీక్ష చేయించాలి. అది పాసైతే ప్రైవేటు మనిషి బండి రోడ్డెక్కొచ్చు.

అందుకే గ్రైండర్ పట్టుకునే ముందు ఒక పని చేయండి. చాసిస్ మీద పంచ్ చేసిన నంబరు ఎక్కడుందో వెతికి, కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోండి. ఆర్‌సీతో ఒక్కో అక్షరం సరిచూడండి. ఆ చోట గ్రైండర్ ఆనించకండి, పుట్టీ పెట్టకండి, పల్చటి ప్రైమర్ చాలు. ఫిట్‌నెస్‌కి వెళ్లినప్పుడు అక్కడివాళ్లు వెతికేది ఆ నంబరునే.