వానలు పడితే పెట్రోలు ఎక్కడికి పోతుంది?

కోవూరు దాటాక హైవే పక్కన ఉండే ఒక పాఠకుడి ప్రశ్న ఇది. ఎండాకాలంలో వాళ్ళ బావి నీళ్ళు పెట్రోలు వాసన కొడతాయి, పైన రంగురంగుల తెట్టు కడుతుంది. కార్తీకం వచ్చేసరికి రెండూ మాయం. దగ్గర్లోని బంకులో భూమిలో పాతిన ట్యాంకు కారుతోందని అనుమానం. అమ్మవారి కోపం చల్లారిందని కొందరు, వానకు కొట్టుకుపోయిందని చదువుకున్నవాళ్ళు అంటున్నారట. రెండింట్లో మొదటిదే నయం. కోపం మళ్ళీ రావచ్చని ఆ మాట ఒప్పుకుంటుంది కదా!

ట్యాంకు ఎందుకు చిల్లిపడిందన్నది వదిలేద్దాం. పాత ఇనుము, తడి నేల, అంతే. కారిన తర్వాతి కథే నాకిష్టం.

లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలో. అది ఇసుకలోంచి దిగి, నీటిమట్టం దగ్గర ఆగి, తేలుతూ పక్కలకు పరుచుకుంటుంది. చేపల పులుసు గిన్నెను తలచుకోండి. పైన నూనె. వడ్డిస్తున్నకొద్దీ పులుసుతో పాటు నూనే దిగుతుంది. దిగినంత మేరా గోడకు జిడ్డు పూసి మరీ దిగుతుంది. ఇప్పుడు గిన్నె నిండా నీళ్ళు పోయండి. కొంత జిడ్డే పైకి తేలుతుంది, మిగతాది నీళ్ళ కింద గోడను పట్టుకునే ఉంటుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు–డిసెంబరు మధ్యే కురుస్తుంది. మే నెలలో అడుగంటిన నీటిమట్టం అప్పుడు లేస్తుంది. ఏటా ఈ గిన్నె ఒకసారి ఖాళీ అవుతుంది, ఒకసారి నిండుతుంది. మట్టం మునుపటికన్నా కిందికి దిగినా, పైకి లేచినా జిడ్డు పట్టీ ఇంకాస్త వెడల్పవుతుంది.

ఒక్క తేడా. ఇసుకకు నూనె కన్నా నీరంటేనే ఇష్టం. లేచిన నీరు రేణువులను చుట్టుకుని పెట్రోలును చిన్న చిన్న బొట్లుగా తెంపేస్తుంది. రేణువుల మధ్య సందుల్లో ఇరుక్కున్న ఆ బొట్టు బయటికి రావాలంటే సన్నటి మెడలోంచి దూరాలి, అందుకు కేశనాళిక పీడనాన్ని, అంటే ఆ మెడ దగ్గర బొట్టును ఆపే ఒత్తిడిని, గెలవాలి. మామూలుగా పారే భూగర్భజలానికి అంత బలం లేదు. అందుకే తెట్టు మాయమవుతుంది, పెట్రోలు మాత్రం పోదు.

అక్కడే కూర్చుని అది తనలోని బెంజీన్ అనే రసాయనాన్ని నీళ్ళలోకి వదులుతుంది. మన పెట్రోల్లో బెంజీన్ 1 శాతం మించకూడదు. అంత కొద్దిపాటిదే అయినా, పెట్రోలును తాకిన నీళ్ళలోకి లీటరుకు 10 మిల్లీగ్రాములకు పైగా దిగగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాము. బెంజీన్ రక్త క్యాన్సర్ తెచ్చేది. నీళ్ళలో దాని వాసన ముక్కుకు తెలియాలంటే ఆ హద్దుకు ఎన్నో రెట్లు ఉండాలి. వాసన పోయిందంటే నీళ్ళు బాగుపడ్డాయని కాదు.

దర్యాప్తులో చాలామంది తప్పే చోటు ఒకటుంది. పరిశీలన బోరులో చిల్లుల పైపును బాగా లోతుకు దించేస్తారు. తేలే పెట్రోలు ఆ చిల్లులకు పైనే ఉండిపోతుంది, బోరు శుభ్రమని కాగితం వస్తుంది. చిల్లులు మే మట్టం కిందినుంచి డిసెంబరు మట్టం పైదాకా ఉండాలి. నమూనా రెండు కాలాల్లోనూ తీయాలి. నీటి నమూనా సీసాలో గాలి బుడగ మిగలకూడదు, మట్టిని పాలిథిన్ కవరులో ఎండలో తెచ్చారంటే ఆవిరంతా దారిలోనే పోతుంది. ఒకే వరసలో లేని కనీసం మూడు బోర్లలో నీటిమట్టం కొలిస్తే భూగర్భజలం వాలు ఎటో, అంటే అది ఎటు పారుతోందో తేలుతుంది. పక్క తోటలో మోటారు వేస్తే ఆ వాలే మారిపోతుంది, అదీ లెక్కలోకి రావాలి.

ఇదంతా పెన్నా ఇసుక నేల సంగతి. ఉదయగిరి, కనిగిరి వైపు రాతినేలల్లో పెట్రోలు పగుళ్ళ వెంట పోతుంది. పక్క బోరు శుభ్రంగా ఉండి, రెండు వీధుల అవతలి బోరు కంపు కొట్టవచ్చు. అక్కడ మూడు బోర్ల లెక్కను నమ్మలేం, అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి చూసేవాళ్ళ మాట సరేసరి. చుట్టుపక్కల ప్రతి బోరుకూ ఎన్ని అడుగుల దగ్గర జల పడిందో, డ్రిల్లింగు వాళ్ళను అడిగి రాసుకోవడంతో మొదలుపెట్టాలి.